వారంటీలో ‘విచెవర్ ఈజ్ ఎర్లియర్’ అని ఉందా? కొనేముందు ఒక్కసారి ఆగండి

కొత్త వస్తువు కొనబోయేవాళ్లు దయచేసి ఇది చదవండి. నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదు.

ట్యూషన్ నోట్సు తీసుకోవడానికి ఒక ప్రింటర్ కొన్నాను. డబ్బా మీద ‘టూ ఇయర్స్ ఆర్ 10,000 పేజెస్, విచెవర్ ఈజ్ ఎర్లియర్’ అని ఉంది. ‘ఆర్’ అంటే ‘లేదా’ కదా, రెంటిలో ఏది మనకు లాభమైతే అది వర్తిస్తుందనుకున్నాను. పదమూడో నెలలో అది పేపర్ లాగడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో మెషీన్ కౌంటర్ చూస్తే 10,412 పేజీలు. "వారంటీ అయిపోయిందండీ" అన్నారు. రెండేళ్లు కాలేదు కదా అని గట్టిగానే వాదించాను. అతను ఆ చివరి మూడు మాటల మీద వేలు పెట్టాడు. ఏది ముందు పూర్తయితే దాంతోనే వారంటీ సరి అని వాటి అర్థం. రిపేరు ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. ‘ఎర్లియర్’ బదులు ‘లేటర్’ అని ఉంటే నా వాదన నిలిచేది.

అమ్మినవాళ్లు మాత్రం "రెండేళ్ల వారంటీ" అన్నారే తప్ప పేజీల మాట ఎత్తలేదు. అది తప్పేనని ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఆఫర్ కాగితాలన్నీ తీసి చదివాను. ‘ప్రొవైడెడ్’ అన్న మాట చూస్తే ఏదో ఇస్తున్నారనిపిస్తుంది. నిజానికి చాలాచోట్ల అది షరతు. ‘ఫ్రీ ఇన్‌స్టలేషన్, ప్రొవైడెడ్ ద ప్రొడక్ట్ ఈజ్ రిజిస్టర్డ్ వితిన్ 7 డేస్’ అంటే ఏడు రోజుల్లోపు రిజిస్టర్ చేసుకుంటేనే ఉచితం. ఎక్స్ఛేంజ్ ఆఫర్లో ‘సబ్జెక్ట్ టు ఇన్‌స్పెక్షన్’ ఉంటే పాత వస్తువును వాళ్లు చూసేదాకా ధర ఖాయం కాదు. ‘అప్ టు 70%’ అనేది గరిష్ఠం మాత్రమే, మీకు నచ్చిన దాని మీద 5 శాతమే ఉండొచ్చు.

అన్నిటికంటే ‘అన్‌లెస్’ దగ్గర జాగ్రత్త. ఫ్రీ ట్రయల్‌లో ‘అన్‌లెస్ క్యాన్సిల్డ్ 24 అవర్స్ బిఫోర్’ అని ఉంటే, గడువుకు ఒక రోజు ముందే మనం రద్దు చేయకపోతే డబ్బు కట్ అవుతుంది. మన మౌనమే ఒప్పుకోలు. ఆఖరి రోజు చేద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం.

అమ్మేవాళ్లు నోటితో చెప్పినదాన్ని బిల్లు మీద రాసిమ్మనండి. ప్రింటర్ కొనేవాళ్లయితే నెలకెన్ని పేజీలు తీస్తారో ముందే లెక్కేసుకోండి. నెలకు 800 తీస్తే 10,000 పేజీల వారంటీ పన్నెండున్నర నెలలే.