పందిళ్ళ వెంట ఆరేళ్ళు తిరిగిన కరెంటు బోర్డు

మాది తెనాలి పక్క పల్లెటూరు. షామియానాలు, లైటింగు మా నాన్న మొదలుపెట్టిన పని. ఆయన రోజుల్లో పందిరికి కరెంటంటే ఒక చెక్క పలక, దాని మీద రెండు కిట్‌క్యాట్ (తీగ చుట్టే పింగాణీ) ఫ్యూజులు, నాలుగు సాకెట్లు. ఫ్యూజు ఎగిరిపోతే మళ్ళీ ఎగరకుండా ఇంకో రెండు రాగి పోగులు కలిపి మెలేసేవాళ్ళు. ఆ పలకనే 2019 దాకా నేనూ మోశాను. ఆ ఏడు శ్రావణంలో ఒక పెళ్ళికి వెళ్తే, వాన వెలిశాక మా కుర్రాడు స్వాగత ఆర్చీకున్న ఇనుప గొట్టం పట్టుకుని వదల్లేకపోయాడు. నేను పలక పక్కనే ఉండి ఫ్యూజు లాగేశాను కాబట్టి బతికాడు. అది దానంతట అది పోలేదు. ఎందుకు పోతుంది? ఒంట్లోంచి 100 మిల్లీఆంపియర్లు పారితే గుండె లయ తప్పడానికి చాలు. 32 ఆంపియర్ల ఫ్యూజుకి అది లెక్కలోకే రాదు.

ఎర్తు ఉంటే సరిపోయేదిగా అంటారు. పందిరి కోసం నాలుగడుగుల రాడ్డు ఎండు నేలలో దిగేస్తే నిరోధం 20 ఓములకి వచ్చినా మంచిదే. 230 వోల్టులని 20తో భాగించండి, పదకొండున్నర ఆంపియర్లు. దానికి ఫ్యూజూ పోదు, ఎంసీబీ (కరెంటు మించితే దానంతట అదే పడి ఆపేసే స్విచ్చి) కూడా పడదు. ఆర్చీ మాత్రం కరెంటుతోనే నిలబడి ఉంటుంది, వచ్చిపోయే చుట్టాలు దాన్ని పట్టుకుని ఫొటోలు దిగుతుంటారు.

ఆ దసరాకి విజయవాడలో ప్యానెల్ బోర్డులు చేసే ఒకాయన దగ్గర ఈ బోర్డు పెట్టె చేయించాను. 24 వేలు అయింది. రేకు పెట్టె, నేలకి అడుగు ఎత్తులో నిలబడేలా కాళ్ళు, 63 ఆంపియర్ల మెయిను, నాలుగు పోల్స్ (మూడు ఫేజులూ న్యూట్రలూ కలిపి తెంచే) ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది, మూత ఉండే నీలం సాకెట్లు ఆరు, త్రీఫేజుకి అయిదు పిన్నుల ఎర్రది ఒకటి. వెళ్ళిన కరెంటంతా తిరిగి వచ్చిందా లేదా అని చూసుకోవడమే ఆర్‌సీసీబీ పని. 30 మిల్లీ దారి తప్పితే రెప్పపాటులో పడిపోయి కరెంటు ఆపేస్తుంది. ఎర్తు నిరోధం వందల ఓములున్నా పడుతుంది. అదీ దాని విలువ.

మొదటి ఏడాది మాత్రం తిట్లు తిన్నాను. పందిరి మొత్తానికి ఒకటే ఆర్‌సీసీబీ కదా, ఎక్కడ చినుకు పడినా అంతా చీకటి. ఎల్ఈడీ సెట్లు ఒక్కొక్కటీ కాస్త కాస్త లీకవుతాయి. యాభై అరవై సెట్లు కలిస్తే ఏ తప్పూ లేకుండానే అది ట్రిప్పయ్యే అంచు మీద కూర్చుంటుంది. ఒకసారి సరిగ్గా తలంబ్రాల దగ్గర పోయింది. పెళ్ళికూతురి మేనమామ వచ్చి "ఏమయ్యా, ఇది బోర్డా బొమ్మా?" అన్నాడు. మా వైరింగు కుర్రాడేమో "ఆర్‌సీసీబీ లేకుండా డైరెక్టు ఇచ్చేద్దాం అన్నా, ఒక్క గంటేగా" అన్నాడు. ఇచ్చాను. దాచడం ఎందుకు, ఇచ్చాను. తెల్లారి విప్పుతుంటే తెలిసింది ఎక్కడ లీకయిందో. గేటు పక్క సెట్టులో టేపు ఊడిన జాయింటు నీళ్ళ మడుగులో పడి ఉంది. మడుగు చుట్టూ రాత్రి పిల్లలు విప్పిన చెప్పులు.

మళ్ళీ ఆ పని చెయ్యలేదు. మర్నాడే బోర్డు విజయవాడ పట్టుకెళ్ళి ముందువైపు 100 మిల్లీ ఆర్‌సీసీబీ, కాస్త ఆలస్యంగా పడే రకం పెట్టించాను. వెనక ప్రతి సాకెట్టుకీ విడిగా 30 మిల్లీ ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ ఒకటిగా ఉన్నది). 'AC' టైపు కాకుండా 'A' టైపు అడిగి వేయించుకోండి, ఎల్ఈడీ డ్రైవర్ల (వాటికి కరెంటిచ్చే సర్క్యూట్ల) లీకుకి అదే సరైనది. ఇంకో తొమ్మిది వేలు అయింది. అప్పట్నించీ గేటు సెట్టు తడిస్తే గేటే ఆరుతుంది, మండపానికి ఏమీ కాదు. ఇప్పుడు కొనేవాళ్ళు మొదటే ఇలా చేయించుకుంటే నేను తిన్న తిట్లు తప్పుతాయి.

ఇంతవరకూ పొగిడాను. ఈ పెట్టె కాపాడలేనివి కూడా ఉన్నాయి, వాటిలో ఎక్కువ బోర్డుని ఎక్కించి, దించి, బిగించేటప్పుడే వస్తాయి.

నా జేబుకి చిల్లుపెట్టింది న్యూట్రలు. ట్రాలీ ఆటోలో గతుకుల రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్లు కుదిపాక లోపలి స్క్రూలు వదులవుతాయి. మూడో ఏడు ఒక ఊళ్ళో చవితి పందిరి. స్విచ్చి వేసిన కాసేపటికి ఒకవైపు సెట్లు మరీ తెల్లగా వెలుగుతున్నాయి, రెండోవైపు మసక. ఏంటా అని చూసేలోగా సౌండు వాళ్ళ ఆంప్లిఫయర్ నుంచి పొగ. మెయిను న్యూట్రలు తీగ స్క్రూలోంచి ఊడిపోయి గాల్లో ఉంది. న్యూట్రలు పోతే మూడు ఫేజుల లోడ్లూ తమలో తాము పంచుకుంటాయి. లోడు తక్కువున్న వైపుకి 300 వోల్టులు దాటి కూడా రావచ్చు. ఆర్‌సీసీబీ కిమ్మనలేదు. దాని తప్పూ కాదు, లీకు లేదు కదా. ఆంప్లిఫయర్‌కి 18 వేలు కట్టాను.

అప్పట్నించి లగ్గు (తీగ చివర నొక్కి బిగించే లోహపు ముక్క) వెయ్యని తీగ బోర్డులోకి పోదు. బిగించిన ప్రతి స్క్రూ మీద నెయిల్ పాలిష్‌తో ఒక గీత. గీత పక్కకి జరిగితే స్క్రూ కదిలినట్టు. బిగించేటప్పుడు ముందు ఎర్తు, తర్వాత న్యూట్రలు, ఆఖర్న ఫేజులు. విప్పేటప్పుడు తలకిందులు. లోడు వెయ్యకముందే ఒక్కో ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య మీటరు పెట్టి వోల్టేజి చూడాలి.

జనరేటర్ సంగతి ఇంకా మోసం. అద్దె 25 కేవీఏ సెట్టు మీద బోర్డు పెట్టి ఆర్‌సీబీఓ మీదున్న టెస్టు బటన్ నొక్కితే టక్కున పడేది, బాగుందనుకునేవాణ్ణి. మా ఊరి పాత వైర్‌మేన్, నేను బాబాయ్ అంటాను, ఒకరోజు ఆర్‌సీబీఓ దాటిన ఫేజుకీ ఎర్తు రాడ్డుకీ మధ్య 15 వాట్ల బల్బు పెట్టి చూపించాడు. పడాలి. పడలేదు, బల్బూ వెలగలేదు. ఆ జనరేటర్ న్యూట్రలుని ఎవరూ ఎర్తుకి కలపలేదు. లీకయిన కరెంటు తిరిగి రావడానికి దారే లేనప్పుడు పెట్టె చూసేది ఏముంది? ఇంకో ఫేజు కూడా ఎక్కడో ఇనుముకి తగిలిందంటే మనిషి రెండు ఫేజుల మధ్యలో చిక్కుతాడు. టెస్టు బటన్ మాత్రం పెట్టె లోపలి తీగల మధ్యే పనిచేస్తుంది కాబట్టి ఎర్తు లేకపోయినా పడుతుంది. సెట్టు ఆపించి, జనరేటర్ దగ్గరే న్యూట్రలుని రాడ్డుకి కలిపి బాబాయ్ మళ్ళీ అదే బల్బు పెట్టాడు. ఈసారి వెలుగు కూడా కనిపించలేదు, చప్పుడే వినిపించింది. ఇది తెలిసినవాళ్ళ చేతే చేయించండి. బోర్డు లోపల ఇంకోసారి కలిపితే ఊరికే ట్రిప్పవుతూ ఉంటుంది. చేంజోవర్ (లైను కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్చి) కూడా నాలుగు పోల్స్‌ది ఉండాలి. అసలు చేంజోవరే లేకపోతే మన జనరేటర్ కరెంటు సర్వీసు తీగ గుండా వెనక్కెళ్ళి స్తంభం మీదున్న లైన్‌మేన్‌ని పట్టుకుంటుంది. రెండు చివర్లా పిన్నులున్న తీగతో ఇంటి సాకెట్లోంచి కరెంటు ఎక్కించే తెలివైనవాళ్ళని కూడా చూశాను. అలాంటి తీగ కనిపిస్తే అక్కడికక్కడే కోసేస్తాను, గొడవైనా సరే.

విప్పే వేళ అర్ధరాత్రి రెండు. కుర్రాళ్ళ కళ్ళు మూతలు పడుతుంటాయి, ఇంకోవైపు ఆటో హారన్ కొడుతుంటాడు. మెయిను ఆపాం కదా అని వేలు పెడతారు. మెయిను ఆపినా దాని పైవైపు టెర్మినల్‌లో కరెంటు ఉంటుంది! సరఫరా చివర ఊడదీసి, టెస్టు ల్యాంపు పెట్టి చూశాకే స్క్రూడ్రైవర్ తియ్యమంటాను. కేబుల్ డ్రమ్ము గురించి ఒక్క మాట: సగం చుట్టి ఉంచి కూలర్లు నడిపితే లోపలి చుట్లు వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. మొత్తం విప్పి పరవాల్సిందే.

ఇక పైన తీగలు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి పైనున్న తీగల నుంచి కరెంటు తగిలి అయిదుగురు పోయారు. ఆ తీగ మన బోర్డుకి ఇవతల ఉండదు, దాని మీద ఏ ఆర్‌సీసీబీ చెల్లదు. లైటు స్తంభం నిలబెట్టే ముందు తలెత్తి చూడ్డం, పైన లైనుంటే చోటు మార్చమని ఇంటాయనతో పోట్లాడటం, నిలబెట్టిన స్తంభాన్ని అలాగే ఈడ్చుకెళ్ళకుండా పడుకోబెట్టి జరపడం. దీనికి వేరే ఉపాయం నాకు దొరకలేదు.

పెట్టె మీద ఫిర్యాదులూ ఉన్నాయి. రేకు అడుగు నాలుగో ఏడుకే తుప్పుపట్టింది. బరువు ఇద్దరి మోత. కేబుల్ దూరేచోట గ్లాండ్లు నాసిరకం, రెండు మార్చాను. చేసినాయన్ని అడిగితే "వానలో పెట్టమన్నామా" అన్నాడు. పందిరి బోర్డుని ఇంకెక్కడ పెడతారు? రెండోది ఫైబరు పెట్టెలో, వోల్టేజి హద్దు దాటితే ఆపేసే రిలేతో చేయిస్తున్నాను. 46 వేలు చెప్పారు, బేరం నడుస్తోంది.

ఆర్చీ పట్టుకున్న కుర్రాడు ఇప్పటికీ మా దగ్గరే పనిచేస్తున్నాడు. పెళ్ళయింది. ప్రతి పందిట్లో సెట్ల కనెక్షన్లు ఇవ్వకముందే టెస్టు బటన్లన్నీ వరసగా నొక్కుతాడు. నేను ఎంత దూరంలో ఉన్నా ఒక్కోటీ పడినప్పుడల్లా కేకేస్తాడు, "అన్నా, పడింది!" అని.