పాత ల్యాండింగ్ క్రాఫ్టా, పంటు పడవా? గోదావరి మీద ఏది మేలు?

ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగిన ప్రతిసారీ నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు. "మాస్టారూ, ముందు తలుపు కింద పడేసి బళ్లను నేరుగా ఇసుకలోకి దించేస్తుందే, ఆ పడవ పాతబడ్డాక మనలాంటోళ్లు కొనుక్కుని రేవులో తిప్పుకోవచ్చా?" ఈసారి అడిగింది మా బావ. సఖినేటిపల్లి వైపు ఇటుకల వ్యాపారం ఆయనది. రేవు దాటి నరసాపురం వెళ్లందే రోజు గడవదు. "వైజాగ్‌లో ఇన్నేళ్లు పడవలకు ప్లేట్లు మార్చావు కదా బావా, నువ్వే తేల్చు" అన్నాడు.

మన ఊళ్లో ఉండే నేవీ ఓడ ఐఎన్ఎస్ జలాశ్వ కడుపులో ఇలాంటి ముందు తలుపు పడవలు, ఎల్సీఎం-8 అనేవి, నాలుగు పడతాయి. అది 2007లో అమెరికా నుంచి కొన్న పాత ఓడ, అక్కడ దాని పేరు ట్రెంటన్. బావ మనసులో ఉన్నవి ఆ ఎల్సీఎంలే. వాటిని సముద్రం పడవలనుకుంటారు గానీ ఈ జాతి మూలం నదే. అమెరికాలో హిగ్గిన్స్ అనే ఆయన లూసియానా చిత్తడి కాలవల్లో తిరిగే వాళ్ల కోసం, ఒడ్డుకు ఎక్కినా అడుగు పగలని పడవ కట్టాడు. 1937లో షాంఘై దగ్గర జపాను వాళ్ల పడవలకు ముందు తలుపు ఉండటం ఒక అమెరికా అధికారి చూసి ఫొటోలు తీశాడు. తర్వాత ఆ తలుపు ఈ పడవకు వచ్చింది. 1945 మార్చిలో ఇవే పడవల్ని లారీల మీద మోసుకెళ్లి రైన్ నదిలో దించారు. 1967 నుంచి వియత్నాంలో మెకాంగ్ పాయల్లో ఎల్సీఎం-6లకు ఉక్కు కవచాలు తొడిగి సైనికుల్ని తిప్పారు. కాబట్టి నదికి పనికొస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. అనుమానం వేరే చోట ఉంది.

యుద్ధంలో ఈ పడవ ఒడ్డుకు బరువుతో వస్తుంది, తేలికై వెనక్కి పోతుంది. టాంకు దిగిపోగానే ముందు భాగం పైకి లేస్తుంది, ఇంజను వెనక్కి వేస్తే చాలు, జారుకుంటుంది. దాని లెక్కంతా ఆ ఒక్క క్షణానికి కట్టిన లెక్క. రేవులో పడవ బతుకు అలా కాదు. దింపిన చోటే మళ్లీ ఎక్కించుకోవాలి. ఖాళీగా ఒడ్డెక్కిన పడవలోకి లోడు లారీ ఎక్కిందనుకోండి, ముందు భాగం ఒండ్రులోకి కూరుకుపోతుంది. పైగా నరసాపురం దగ్గర వశిష్ఠలో పోటూ పాటూ ఉంటాయి. పాటు మీద ఎక్కించుకుంటే నీళ్లు మిమ్మల్ని వదిలేసి పోతాయి.

ఇది పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. కోనసీమలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇలాంటి ముందు తలుపు బార్జికి అడుగు ప్లేటు మార్చడానికి వెళ్లాను. పని అయ్యాక ట్రయల్ అని గట్టు రాళ్ల లోడు ఎక్కించారు. సరంగు వెదురు గెడతో ముందు లోతు చూస్తూనే ఉన్నాడు. మూడో ట్రాక్టరు ఎక్కేసరికి గెడ మీద తడి గీత జానెడు కిందికి దిగింది. "ఆపండ్రా, పాటు మొదలైంది" అని అరిచాడు. కాంట్రాక్టరు "ఇంకొక్కటే" అన్నాడు. ఆ ఇంకొక్కటి ఎక్కింది. ఆ తర్వాత రెండు ఇంజన్లూ వెనక్కి వేస్తే ఫ్యాన్లు అడుసు తోడి నీళ్లను కాఫీ రంగు చేశాయే తప్ప బార్జి అంగుళం కదల్లేదు. సాయంత్రం పోటు వచ్చేదాకా గట్టు మీద కూర్చుని మామిడితాండ్ర తిన్నాం.

రేవుల్లో జనాన్నీ బళ్లనూ దాటించే చదును పడవ పంటుకు ఈ బాధ తక్కువ. అది ఒడ్డెక్కదు, ఒడ్డు పక్కన తేలుతూ ఆగుతుంది. మధ్యలో పలకలు వేస్తారు. బరువెక్కితే మట్టంగా దిగుతుంది, ముక్కు ఒక్కటే గుచ్చుకోదు. దానికి ముందూ వెనకా అని లేదు, పలకలు వేసిన వైపు నుంచి ఎక్కడమే. ఎల్సీఎంలో వెనక ఇంజను గది, పైన సరంగు గది. ఉన్నది ఒక్క తలుపు. ముందుకు ఎక్కిన లారీ రివర్సులోనే దిగాలి, తడిసిన ర్యాంపు మీద, క్లీనరు "రా రా రా" అంటుంటే. (ర్యాంపంటే గోదావరి జిల్లాల్లో ఇసుక ర్యాంపే గుర్తొస్తుందనుకోండి, నేను చెప్పేది తలుపు గురించి.) కాకపోతే పంటుకు రేవు కావాలి. రేవు లేని లంకలోకి జేసీబీ దింపాలంటే పంటు చేతులెత్తేస్తుంది. ఎల్సీఎం అక్కడ మహారాజు. అలాస్కాలో రోడ్లు లేని ఊళ్లకు ఇలాంటి పడవలు ఇప్పటికీ సరుకు మోస్తున్నాయి. గమనించారా, అక్కడా బరువుతో వెళ్లి తేలిగ్గా రావడమే.

ఎల్సీఎంలలో ఏది అంటే నా ఓటు 6కే. 56 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 34 టన్నుల మోత. అవి అమెరికా టన్నులు, మన లెక్కలో 31కి కాస్త తక్కువ. సుమారు 28 టన్నుల నిండు బరువుండే పది టైర్ల లారీ ఒకటి లెక్కకు సరిపోతుంది. 8 అయితే 60 టన్నులంటారు, విని మురిసిపోకండి. బయటి వెడల్పు 21 అడుగులైనా లోపలి తొట్టి 14 అడుగుల చిల్లర. రెండు లారీలు పక్కపక్కన పట్టవు. ఒక లారీ, దాని వెనక చిన్న వ్యాను, అంతే. దానికోసం నాలుగు డీజిల్ ఇంజన్లకు (మొదట్లో వచ్చినవాటికి నాలుగుండేవి) ఆయిలు పోయాలి. బావ ఇటుకలమ్మిన డబ్బు బంకులోనే పోతుంది.

ఈ జాతిలో చిన్నది ఎల్సీవీపీ, 36 అడుగులది, ప్లైవుడ్డుతో కట్టింది. ఇప్పుడు మ్యూజియం సరుకు. నీళ్లలోనూ రోడ్డు మీదా నడిచే డక్ లారీ టూరిస్టుల సరదాకే. అమెరికాలో విస్కాన్సిన్‌లో 1946 నుంచీ తిప్పుతున్నారు గానీ, 2018 జులైలో మిస్సోరీలోని ఒక సరస్సులో గాలివానకు అలాంటి బండి మునిగి 17 మంది పోయారు. ఈ జాతిలోనే పెద్దవి, మన నేవీ కొత్త ఎల్సీయూలు, 60 మీటర్లు దాటిన ఓడలు, వాటి ఊసు గోదావరికి వద్దు.

బావకు ఫోన్‌లో ఇదంతా చెప్పి, "రోజూ అటూ ఇటూ జనం, బళ్లు అంటే పంటే. ఇటుకలు లంకల్లో దింపి ఖాళీగా రావడమంటే 6 లాంటిది కట్టించు, పాతది కొనకు" అన్నాను. పాతది ఎందుకొద్దన్నాడు. తలుపు కీలు కింద ప్లేటు ఎప్పుడూ నీళ్లూ ఇసుకా తాగుతూ ఉంటుంది, సుత్తితో కొడితే ఖంగుమనాల్సింది మొద్దుగా మోగుతుంది, అక్కడ ఎంత పల్చబడిందో రంగేసిన మీదట కంటికి ఆనదు. కట్టించుకుంటే మాత్రం వెనక లంగరు, దాని మోకు చుట్టి లాగే వించ్ ముందే పెట్టించమన్నాను. యుద్ధంలో టాంకులు మోసిన పెద్ద పడవలు, ఎల్సీటీలు, ఒడ్డుకు వస్తూనే వెనక లంగరు జారవిడిచి, తర్వాత ఆ మోకు పట్టుకుని వెనక్కి లాక్కునేవి. ఆ రోజు మా బార్జికి అదొక్కటుండుంటే మామిడితాండ్ర మిగిలేది.

"వించ్ ఎంతవుద్ది?" అన్నాడు బావ. ఇటుకల ధర అడిగినట్టే అడిగాడు.