నేచురల్ స్టాట్ ట్రిక్: చిన్న ట్రేడ్‌లో కుర్ర డిఫెన్స్‌మన్ విలువ తేల్చడానికి ఎంతవరకు పనికొస్తుంది?

తక్కువ సమయం దొరికే మూడో జోడీలో ఆడే ఇరవై రెండేళ్ళ డిఫెన్స్‌మన్‌ని మూడో రౌండ్ పిక్‌కి (కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ వంతుకి) వేరే జట్టుకి ఇచ్చేశారన్న వార్త రాగానే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ అభిమానుల్లో వాదన మొదలవుతుంది. ఇంత చవగ్గా ఎలా వదులుకున్నారని ఒకరు, వాడు మంచు మీదకి దిగితే చాలు గోల్ పడుతోందిగా అని ఇంకొకరు. రుజువు కోసం ఇద్దరూ తెరిచేది చాలాసార్లు ఒకటే సైటు, నేచురల్ స్టాట్ ట్రిక్. ఇద్దరికీ కావలసిన అంకెలు అందులోనే దొరుకుతాయి కూడా. సైటు చాలా మంచిది. కానీ ఏ గడి ముందు చూడాలో, ఏ గడిని అసలు నమ్మకూడదో తెలియకుండా దిగితే బోల్తా పడటం ఖాయం, అదీ కుర్ర డిఫెన్స్‌మెన్ విషయంలోనే ఎక్కువ.

డబ్బు కట్టక్కర్లేదు. 2007-08 సీజన్ నుంచి డేటా ఉంది. లీగ్ ఇచ్చే ప్లే బై ప్లే (ఆటలో జరిగినవన్నీ వరసగా రాసే) నివేదికలోంచి షాట్లు, ఫేసాఫ్‌లు (ఇద్దరి మధ్య పక్ అనే బిళ్ళని వదిలి ఆట మొదలుపెట్టడం), ఏ క్షణంలో ఎవరు మంచు మీద ఉన్నారన్నది తీసుకుని లెక్క కడుతుంది. మ్యాచ్ నడుస్తుండగానే పట్టికలు మారుతుంటాయి. హంగులేమీ లేవు, అంతా పట్టికలే. వెడల్పు పట్టికలు కాబట్టి ఫోన్‌లో పక్కకి జరుపుకుంటూ పోవాలి, పెద్ద తెర మీద చూడటమే మేలు.

ముందు అమరిక సరిచేసుకోవాలి. ప్లేయర్స్ పేజీలో సీజన్ ఎంచుకుని, ఆట స్థితి దగ్గర 5 ఆన్ 5 (గోల్‌కీపర్లు కాక రెండు వైపులా అయిదేసి మంది) లో స్కోర్ అండ్ వెన్యూ అడ్జస్టెడ్ (స్కోరు, వేదిక ప్రభావాన్ని సవరించినది) అన్నది పెట్టండి. ఆధిక్యంలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి ఆడుతుంది, వెనకబడ్డ జట్టు కనపడ్డ చోటల్లా షాట్ కొడుతుంది. ఈ సవరణ లేకపోతే ఎప్పుడూ వెనకబడి ఉండే జట్టులోని డిఫెన్స్‌మన్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తాడు. తర్వాత ఆన్ ఐస్ (అతను మంచు మీద ఉన్నప్పటి లెక్కలు), రేట్స్ (60 నిమిషాలకి ఎంతన్నది), పొజిషన్‌లో డిఫెన్స్. కనీస సమయం 300 నిమిషాలు పెట్టండి. మూడో జోడీ ఆటగాడికి 5 ఆన్ 5 లో మ్యాచ్‌కి 13, 14 నిమిషాలు దొరుకుతాయనుకుంటే ఇది సుమారు 22 మ్యాచ్‌ల ఆట. అంతకంటే తక్కువ ఆడినవాడి వరస చూసి తీర్పు చెప్పడం దండగ.

ఆ 300 నిమిషాల్లో కూడా గోల్స్ కాలమ్ ఎందుకు పనికిరాదో ఒకసారి లెక్క వేసి చూద్దాం. 300 నిమిషాలంటే 5 గంటలు. గంటకి 29 షాట్లు ఎదురయ్యాయనుకుంటే మొత్తం 145. అందులో 12 గోల్స్ అయితే అతను మంచు మీద ఉన్నప్పటి సేవ్ శాతం (ఎదురైన షాట్లలో గోలీ, అంటే గోల్‌కీపర్, ఆపినవి) 91.7. 15 గోల్స్ అయితే 89.7. తేడా మూడంటే మూడు గోల్స్. ఒకటి గోలీ ప్యాడ్ కిందనుంచి జారినది, ఒకటి ఎవరి స్కేట్‌కో తగిలి దారి మళ్ళినది, ఇంకోటి జోడీవాడి తప్పు అయి ఉండొచ్చు. ఆ మూడింటితోనే ఒక కుర్రాడు పనికొచ్చేవాడి జాబితాలోంచి పనికిరానివాడి జాబితాలోకి వెళ్ళిపోతాడు. తన గోలీ సేవ్ శాతం మీద డిఫెన్స్‌మన్‌కి ఉండే పట్టు చాలా తక్కువ. అందుకే ముందు పీడీఓ గడి చూడాలి. మంచు మీద ఉన్నప్పటి షూటింగ్ శాతం (తన జట్టు షాట్లలో గోల్ అయినవి), సేవ్ శాతం కలిపితే వచ్చేది ఇది, మామూలుగా 1.000 చుట్టూ తిరుగుతుంది. అక్కడ 0.970 కనిపిస్తే ప్లస్ మైనస్ (అతను మంచు మీద ఉండగా జట్టు కొట్టిన, తిన్న గోల్స్ తేడా) గురించి ఎవరేమన్నా పట్టించుకోకండి. 1.030 ఉన్నవాణ్ణి కొనే జట్టుకూ అదే హెచ్చరిక.

తర్వాత ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ శాతం, అంటే షాట్ల నాణ్యతని బట్టి రెండు వైపులా పడాల్సిన గోల్స్‌లో తన జట్టు వాటా. దాన్ని విడిగా చదవకూడదు. జట్టు మొత్తం 45 దగ్గర కొట్టుమిట్టాడుతుంటే 48 ఉన్న కుర్రాడు బాగా ఆడుతున్నట్టే. జట్టు 55 దగ్గర ఉంటే ఆ 48 చెడ్డ వార్త. జట్టు పేరు ఎంచుకుని, ఆ జట్టు డిఫెన్స్‌మెన్ అందరినీ ఒకచోట పెట్టుకుని చూడండి.

హై డేంజర్ అవకాశాల లెక్క తెలుసుకోవడం కూడా అవసరం. గోల్ ముందున్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడగొట్టి ఒక్కో షాట్‌కి 1, 2 లేదా 3 పాయింట్లు ఇస్తారు. రష్‌లో (వేగంగా దూసుకొచ్చిన దాడిలో) వచ్చిన షాట్‌కో రీబౌండ్‌కో (తిరిగొచ్చిన పక్‌ని మళ్ళీ కొట్టినదానికో) 1 కలుపుతారు, బ్లాక్ అయితే 1 తీసేస్తారు. 2 గానీ ఆ పైన గానీ వస్తే స్కోరింగ్ ఛాన్స్, 3 గానీ ఆ పైన గానీ వస్తే హై డేంజర్. అంటే డిఫెన్స్‌మన్ అడ్డుపడి ఆపిన షాట్ విలువ తగ్గుతుంది, కానీ అసలు షాటే రాకుండా స్టిక్‌తో పాస్ దారి మూసేసినవాడి పని ఈ లెక్కలో ఎక్కడా నేరుగా పడదు. 60 నిమిషాలకి ఎదురైన అవకాశాల సంఖ్య తగ్గడంలోనే అది పరోక్షంగా కనిపిస్తుంది. కుర్ర డిఫెన్స్‌మన్‌కి ఆ సంఖ్య ఎంత తక్కువగా ఉందన్నది గోల్స్, అసిస్ట్‌ల పట్టికకంటే నాకు ముఖ్యం.

సైటులో అన్నిటికంటే విలువైనది లైన్ టూల్. ఇద్దరు డిఫెన్స్‌మెన్ పేర్లు ఇస్తే వాళ్ళు కలిసి ఆడినప్పుడెలా ఉంది, విడివిడిగా ఉన్నప్పుడెలా ఉంది చూపిస్తుంది. కుర్రవాడి ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అనుభవజ్ఞుడి పక్కన 53 శాతం, వేరేవాళ్ళతో 44 శాతం అనుకుందాం. అదే అనుభవజ్ఞుడు ఇతను లేకుండా కూడా 53 దగ్గరే ఉంటే బరువు మోస్తున్నది ఎవరో తెలిసిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: విడిగా ఆడిన సమయం 60, 70 నిమిషాలే అయితే ఆ వరస వదిలేయండి. ఎడమచేతి వాటం కుర్రాణ్ణి కుడివైపు ఆడించి ఉంటే అది కూడా పట్టికలో రాదు, ఆట చూసినవాళ్ళే చెప్పాలి. కుడిచేతి వాటం డిఫెన్స్‌మెన్ కొరత ఎప్పుడూ ఉండేదే కాబట్టి ట్రేడ్‌లో ఈ విషయం ధరనే మార్చేస్తుంది.

అఫెన్సివ్ జోన్ స్టార్ట్ శాతం (ప్రత్యర్థి గోల్ వైపు ఫేసాఫ్‌తో మొదలైన షిఫ్టుల వాటా) మీద అనవసరంగా చాలా గొడవ జరుగుతుంది. 65 శాతం అనగానే కోచ్ దాచి దాచి ఆడిస్తున్నాడంటారు. ఆ శాతం రెండు చివరల్లో జరిగిన ఫేసాఫ్‌లది మాత్రమే. చాలా షిఫ్టులు (ఆటగాడు మంచు మీదకి దిగే విడతలు) ఆట నడుస్తుండగానే మొదలవుతాయి. వాటికి ఆన్ ద ఫ్లై స్టార్ట్స్ అని పక్కనే వేరే కాలమ్ ఉంది, రెండూ కలిపి చూస్తే ఆ 65 బరువు ఎంతో అర్థమవుతుంది.

నమ్మకూడనివి చెప్పాలంటే మొదటిది గివ్‌అవే, అంటే పక్‌ని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం. ఏది గివ్‌అవే అన్నది ఆ స్టేడియంలో స్కోరు రాసేవాళ్ళ నిర్ణయం, చోటును బట్టి మారుతుంది. పైగా పక్ ఎక్కువసేపు చేతిలో ఉండేవాడికే అవి ఎక్కువ పడతాయి. హిట్లు, బ్లాకులు కూడా అంతంతమాత్రమే. అసలు లోటు వేరే ఉంది. ఫోర్‌చెక్ (ప్రత్యర్థులు అతని జోన్‌లోకే వచ్చి పక్ కోసం మీదపడటం) ఒత్తిడిలో పక్‌ని తన జోన్‌లోంచి పాస్‌తో తీసుకెళ్ళాడా, రింక్ అంచు గ్లాస్‌కి కొట్టి వదిలించుకున్నాడా అన్నది లీగ్ నివేదికలో లేదు, కాబట్టి ఇక్కడా లేదు. కుర్ర డిఫెన్స్‌మన్ నిలబడతాడా లేదా అన్నది తేల్చేది ముఖ్యంగా అదే. లీగ్ సొంత సైటు ఎన్‌హెచ్‌ఎల్ ఎడ్జ్‌లో స్కేటింగ్ వేగం, గంటకి 20 మైళ్ళు దాటిన పరుగులు, ఏ జోన్‌లో ఎంత సమయం గడిచిందన్నవి దొరుకుతాయి. అయితే సగంకంటే కింద ఉన్నవాడి స్థానాన్ని 50 లోపు అని మాత్రమే చూపిస్తుంది. 49వ పర్సెంటైల్ వాడికీ 5వ పర్సెంటైల్ వాడికీ ఒకే ముద్ర. చిన్న ట్రేడుల్లో చేతులు మారేవాళ్ళలో చాలామంది అక్కడే ఉంటారు.

ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగ్ ఏహెచ్‌ఎల్ డేటా లేకపోవడం రెండో పెద్ద లోటు. గుస్తావ్ ఫోర్స్‌లింగ్‌ని చూడండి. 2014 డ్రాఫ్ట్‌లో వాంకూవర్ 126వ స్థానంలో తీసుకుంది. 2015 జనవరిలో ఆడమ్ క్లెండెనింగ్ కోసం షికాగోకి ఇచ్చేసింది. అచ్చంగా చిన్న ట్రేడ్, ఇద్దరూ కుర్ర డిఫెన్స్‌మెన్. క్లెండెనింగ్ వాంకూవర్‌కి 17 మ్యాచ్‌లు ఆడి ఆ వేసవిలోనే పిట్స్‌బర్గ్ వెళ్ళాడు. ఫోర్స్‌లింగ్ షికాగోలో 122 మ్యాచ్‌లు ఆడి 2019 లో కరోలినాకి మారాడు, 2019-20 అంతా ఏహెచ్‌ఎల్‌లోనే గడిపాడు. ఆ సీజన్ ఎంచుకుని నేచురల్ స్టాట్ ట్రిక్‌లో వెతికితే అతని వరసే రాదు. 2021 జనవరిలో ఫ్లోరిడా అతన్ని వేవర్స్‌లో (ఒక జట్టు అందరి ముందూ పెట్టిన ఆటగాణ్ణి ఇంకో జట్టు బదులేమీ ఇవ్వకుండా తీసుకునే పద్ధతి) తీసుకుంది, పిక్ కూడా ఖర్చు కాలేదు. 2024, 2025 స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ టైటిళ్ళు) గెలిచిన జట్టులో అతను మొదటి జోడీ. 2024 మార్చిలో ఎనిమిదేళ్ళకి, ఏడాదికి 57.5 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. డిఫెన్స్‌మెన్ 24, 25 ఏళ్ళకి గానీ కుదురుకోరన్న మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఫోర్స్‌లింగ్ వేవర్స్‌కి ఎందుకు వచ్చాడన్నది ఈ సైటు చెప్పదు. దానికి పక్‌పీడియా తెరవాలి. 2024 జులైలో క్యాప్‌ఫ్రెండ్లీ సైటు మూతపడ్డాక ఒప్పందాల వివరాలకి చాలామంది వెళ్ళేది అక్కడికే. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2013 నాటి ఒప్పందం ప్రకారం 20 ఏళ్ళకి సంతకం చేసిన ఆటగాడికి వేవర్స్ మినహాయింపు (వేవర్స్‌లో పెట్టకుండానే ఏహెచ్‌ఎల్‌కి పంపే వీలు) 3 ఏళ్ళు లేదా 160 మ్యాచ్‌లు, ఏది ముందు అయితే అది. అది తీరాక 23 మంది జట్టులో చోటు ఇవ్వాలి, లేదా వేవర్స్‌లో అందరి ముందూ పెట్టాలి. అందుకే సెప్టెంబరు, అక్టోబరుల్లో మినహాయింపు తీరిన డిఫెన్స్‌మెన్ అయిదో రౌండ్ పిక్‌కో, అలాంటి స్థితిలోనే ఉన్న ఇంకో ఆటగాడికో మారిపోతుంటారు. ఆ ధర ఆట మీద తీర్పు కాదు, జట్టులో ఖాళీ లేదన్న సంగతి మాత్రమే. డెవన్ టేవ్స్‌ని 2020 అక్టోబరులో ఐలాండర్స్ రెండు రెండో రౌండ్ పిక్స్‌కి కొలరాడోకి ఇచ్చినప్పుడు కూడా ధర పలికించింది శాలరీ క్యాప్ (జట్టు జీతాల పరిమితి) ఇరకాటమే.

24 ఏళ్ళ డిఫెన్స్‌మన్‌ని తెచ్చుకున్నారన్న వార్త వస్తే పక్‌పీడియాలో ఇంకొకటి చూడండి. 25 ఏళ్ళు నిండి, మూడు ప్రొఫెషనల్ సీజన్లు అయి, 80 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు పూర్తి కాకపోతే గ్రూప్ 6 కింద ఒప్పందం ముగిసిన వేసవిలో స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. నేచురల్ స్టాట్ ట్రిక్‌లో అతని వరస ఎంత బాగున్నా, 60 మ్యాచ్‌ల దగ్గర ఉన్నవాణ్ణి మార్చిలో కొన్న జట్టుకి మిగిలింది 20 మ్యాచ్‌లే అయితే, అన్నీ ఆడించి 80 పూర్తి చేయించాలి లేదా ముందే సంతకం చేయించుకోవాలి.