సెంట్రోసోమ్ వారసత్వం చూడాలంటే ఫ్యూకస్ మేలా, సైటోసైఫన్ మేలా?

కణవిభజనను నడిపే చిన్న భాగం సెంట్రోసోమ్; పిండానికి అది తల్లి నుంచి వస్తుందా, తండ్రి నుంచా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఫ్యూకస్, సైటోసైఫన్ రెండూ గోధుమ శైవలాలు, అంటే సముద్రపు నాచులు. వీటి తొలి కణవిభజన చూడాలనుకునేవాళ్ళు ముందు ఫ్యూకస్ దగ్గరికే వెళ్తారు. ఆడ, మగ మొక్కలు వేరుగా ఉండే జాతులున్నాయి కాబట్టి అండాలనూ పురుషబీజాలనూ విడిగా తీసి, మనకు కావలసినప్పుడు కలపవచ్చు. అండం చాలా పెద్దది, సుమారు 70 మైక్రోమీటర్లు. ఒకవైపు నుంచి వెలుతురు పడితే నీడ వైపున వేరులాంటి మూలతంతువు మొలుస్తుంది. కేంద్రకం తన సెంట్రోసోమ్‌లతో సహా తిరిగి ఆ అక్షానికి సర్దుకుంటుంది. దాదాపు ఒక రోజుకు కణం అడ్డంగా రెండవుతుంది: ఒకటి మూలతంతువుకు, ఒకటి పై దేహానికి. ఇంత స్పష్టంగా కనిపించే విభజన అరుదు.

కానీ వారసత్వం సంగతి వేరు. ఫ్యూకస్ అండంలో సెంట్రోసోమ్ నడుమ ఉండే గొట్టాల్లాంటి సెంట్రియోల్‌లే ఉండవు. పురుషబీజం తన కశాభాల (ఈదే తోకల) అడుగున ఉన్న సెంట్రియోల్ జతను తెస్తుంది, పిండం దాన్నే వాడుకుంటుంది. అది తండ్రిదాన్ని ఎంచుకుందా, ఉన్నదాంతో సరిపెట్టుకుందా? ఫ్యూకస్‌ను ఎంతసేపు చూసినా తేలదు.

సైటోసైఫన్‌లో తేలుతుంది. అక్కడ ఆడ, మగ సంయోగబీజాలు రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి, రెండింటికీ కశాభాలుంటాయి, రెండూ చెరొక సెంట్రియోల్ జతను తెస్తాయి. సంయుక్తబీజంలో మొత్తం నాలుగు. విభజనకు ముందే తల్లివైపు జత కరిగిపోతుంది, తండ్రిది మిగులుతుంది. కట్లేరియా అనే మరో గోధుమ శైవలంలోనూ ఇంతే. నన్ను కట్టిపడేసేది మరొకటి: ఫలదీకరణ జరగని స్త్రీబీజం ఒంటరిగానే పెరగగలదు, అప్పుడు తన సెంట్రియోల్‌లనే వాడుకుంటుంది. అంటే అవి పనికిరానివి కావు, మగబీజం వచ్చి కలిసినప్పుడే తప్పుకుంటున్నాయి.

ఇబ్బందల్లా పరిమాణమే. సంయోగబీజాలు కొద్ది మైక్రోమీటర్లే, సెంట్రియోల్ వెడల్పు 0.2 మైక్రోమీటర్లు. వరుస కోతలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టే ఓపిక కావాలి.

ఒకటికి మించి పురుషబీజాలు చొరబడితే రెండిట్లోనూ విభజన గాడి తప్పుతుంది. ఫ్యూకస్‌లో క్రోమోజోములను విడదీసే కండెకు అదనపు ధ్రువాలు ఏర్పడి పిండం చచ్చిపోతుంది. సైటోసైఫన్‌లో కణం ఎక్కడ చీలాలన్నది సెంట్రోసోమ్‌ల స్థానాన్ని బట్టి మారుతుంది.

ఎవరి సెంట్రోసోమ్ అన్నదే ప్రశ్న అయితే సైటోసైఫన్ తీసుకోండి, అందులో నాకు సందేహం లేదు. వచ్చిన సెంట్రోసోమ్ కణాన్ని ఎటు చీలుస్తుందో చూడాలంటే ఫ్యూకస్. తల్లి జతను తొలగించే జన్యువుల వేటకు మాత్రం ఈ రెండూ కాక, 2010లో జన్యుక్రమం వెలువడిన ఎక్టోకార్పస్ అనే మరో గోధుమ శైవలంతో మొదలుపెట్టడం నయం.