1066 ఇంగ్లండ్ గద్దె: బావమరిదా, మేనల్లుడా, మనవడా?

1066 జనవరి 5న ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ పిల్లల్లేకుండానే పోయాడు. మర్నాడు ఆయన్ని వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో పూడ్చిపెట్టారు. అదే రోజు ఆయన బావమరిది హెరాల్డ్ కిరీటం పెట్టించుకున్నాడు. ఆ తొందర చూస్తేనే తెలుస్తోంది, ఆ కుర్చీ మీద ఇంకొందరి కన్ను కూడా ఉందని.

ఇంగ్లీషులో అందరినీ ‘కజిన్’ అనేసి చుట్టరికాలు కలగాపులగం చేస్తారు గానీ, మన వరసల్లో పెడితే లెక్క ఇట్టే తేలుతుంది. హెరాల్డ్ రాణి ఈడిత్‌కు తోబుట్టువు, అంటే రాజుకు బావమరిది. నార్మండీ (ఇప్పటి ఫ్రాన్స్ ఉత్తర తీరం) పాలకుడు డ్యూక్ విలియం రాజుగారి మేనమామ మనవడు, మేనల్లుడి వరస. మూడోవాడు ఎడ్గర్, రాజుగారి సవతి అన్న మనవడు. నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడా కూడా ఏదో పాత ఒప్పందం పట్టుకుని దిగాడు కానీ, దాన్ని సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు.

రక్తమే లెక్కయితే పోటీయే లేదు. తండ్రి వైపు రాజవంశం ఎడ్గర్ ఒక్కడిదే. విలియం చుట్టరికం రాజుగారి తల్లి ఎమ్మా వైపు నుంచి వచ్చింది, హెరాల్డ్‌ది పెళ్లి వల్ల వచ్చింది. కాకపోతే ఎడ్గర్‌కు అప్పటికి పదమూడు పద్నాలుగేళ్లు. రెండు వైపుల నుంచీ దండు వచ్చేలా ఉన్న ఏడాదిలో పిల్లాణ్ని ఎవరు కూర్చోబెడతారు?

విలియం అసలు పట్టు మాట మీద. 1051లో ఎడ్వర్డ్ తనకు రాజ్యం ఇస్తానన్నాడని ఆయన పక్షం చెప్పింది. ఎడ్వర్డ్ పాతికేళ్లు నార్మండీలో తలదాచుకున్నవాడు కాబట్టి అని ఉండొచ్చు. కానీ ఆ తర్వాత అదే ఎడ్వర్డ్ ఎడ్గర్ తండ్రిని హంగరీ నుంచి వెతికించి మరీ రప్పించాడు. ఆయన 1057లో వచ్చీ రాగానే చనిపోయాడు, అది వేరే సంగతి. వారసుడు ముందే ఖాయమైతే అంత దూరం మనుషుల్ని పంపడం దేనికి? నాకు విలియం వాదన ఇక్కడే తేలిపోయింది.

ఇక ప్రమాణం. గద్దె విషయంలో తనకు తోడుంటానని హెరాల్డ్ ముందే ఒట్టు వేశాడని విలియం పక్షం మాట. ఈ గొడవనంతా బొమ్మలుగా కుట్టిన ‘బాయూ కుట్టుపని’ అనే 70 మీటర్ల గుడ్డ మీద ఆ దృశ్యం ఉంది. విలియం కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి చూపిస్తున్నాడు. ఎదురుగా హెరాల్డ్ రెండు చేతులూ బార్లా చాపి, సాధువుల అస్థికలున్న రెండు పెట్టెల మీద చెరొకటి ఆనించి నిలబడ్డాడు. ‘హెరాల్డ్ విలియం డ్యూక్‌కు ప్రమాణం చేశాడు’ అని పైన లాటిన్‌లో ఉంది. ఏమని చేశాడో మాత్రం రాయలేదు! పైగా అప్పుడు హెరాల్డ్ పరాయి గడ్డ మీద, విలియం చేతిలో ఉన్నాడు. అలాంటి చోట చేసిన ఒట్టుకు ఎంత విలువ ఇస్తాం?

హెరాల్డ్ కేసులోనూ లొసుగు ఉంది. చావుమంచం మీద రాజు రాణినీ రాజ్యాన్నీ అతనికి ‘అప్పగించాడు’ అంటారు. ఇల్లు చూసుకోమని తాళాలు చేతికిచ్చినా అప్పగించడమే, ఇల్లు రాసిచ్చినా అప్పగించడమే. అయితే అతనికి ‘విటాన్’ అనే పెద్దల సభ ఒప్పుదల ఉంది. అక్కడి ఆనవాయితీలో కొడుకు లేనప్పుడు ఆ మాటే చెల్లాలి. అందుకే నా ఓటు హెరాల్డ్‌కే.

రాజుగా పనికొచ్చాడా అంటే, సెప్టెంబర్ 25న ఉత్తరాన స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర నార్వే సేనను తుడిచిపెట్టాడు. 300 ఓడల్లో వచ్చినవాళ్లకు తిరిగి వెళ్లడానికి 24 సరిపోయాయట. మూడు రోజులకే విలియం దక్షిణాన పెవెన్సీలో దిగాడు. ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తుకొచ్చిన హెరాల్డ్ అక్టోబర్ 14న హేస్టింగ్స్‌లో పొద్దుగూకేదాకా పోరాడి పడిపోయాడు. ఇంకొన్నాళ్లు ఆగి, దండు కూడగట్టుకుని వెళ్లాల్సింది.

తమాషా ఏమిటంటే, గెలిచిన విలియం కూడా జనం ‘ఒప్పుకున్నాం’ అనేదాకా కిరీటం పెట్టుకోలేదు. క్రిస్మస్ నాడు అబీలో ఆ కేకలు విని, గొడవేదో మొదలైందనుకుని బయటి నార్మన్ కాపలావాళ్లు చుట్టుపక్కల ఇళ్లకు నిప్పుపెట్టారు.

హేస్టింగ్స్ తర్వాత లండన్ పెద్దలు ఎడ్గర్‌ను రాజుగా ఎన్నుకున్నారు, కానీ పట్టాభిషేకం జరగకముందే విలియంకు లొంగిపోయారు. విలియం 1087లో పోయాడు. ఎడ్గర్ మాత్రం 1120ల దాకా బతికే ఉన్నాడు.