ఆరేళ్ళ తర్వాత మా 1971 షెవెల్: 350 అనుకుని నడిపిన 400

మా షెవర్లే షెవెల్ మాలిబు కారు గురించి రాయమని ఇద్దరు ముగ్గురు ఎప్పటినుంచో అడుగుతున్నారు. దాని అందం, వీ8 చప్పుడు, ముందు సోఫాలాంటి సీటు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒక్క కిక్‌డౌన్ గురించే. పెడల్ నేలకి తొక్కగానే గేరు ఒకటి కిందికి దిగి కారు ముందుకి దూకాలి కదా, అది. నాలుగేళ్ళపాటు నా కారుకి అది పాడైపోయిందనే అనుకున్నాను.

అమ్మినాయన గేర్‌బాక్స్ "టర్బో 350" అన్నాడు. (టర్బో అన్నది పేరుకే. జనరల్ మోటార్స్ వాళ్ళ టర్బో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని అందరూ అలా పొట్టిగా పిలుస్తారు. టర్బోచార్జర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు.) ఆ మాట నమ్మాను. ఆ ఏడాది షెవెల్‌లో చిన్న వీ8కి పవర్‌గ్లైడ్ అనే గేర్‌బాక్సో 350నో వచ్చేవి, టర్బో 400 గేర్‌బాక్స్ పెద్ద ఇంజిన్ల పక్కనే కనిపించేది. నాది చిన్న ఇంజినే. గేర్ల వరస చూస్తే రెండు గేర్ల పవర్‌గ్లైడ్ కాదని తెలుస్తూనే ఉంది. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

డల్లాస్‌లో ఫ్రీవే ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రం ప్రాణం మీదికొచ్చేది. 45 మైళ్ళ వేగంలో పెడల్ మొత్తం తొక్కినా మూడో గేరులోనే మూలుగుతూ ఈడ్చేది. వెనకనుంచి పికప్‌వాడి హారన్. మా ఆవిడ "ఎడ్లబండి నయం, కనీసం అదిలిస్తే కదులుతుంది" అనేది. ఒక షాపులో చూపిస్తే లోపల క్లచ్‌లు అరిగిపోయాయి, మొత్తం విప్పి కట్టాలి, 2,400 డాలర్లు అన్నారు. 350కి కార్బ్యురేటర్ నుంచి కిక్‌డౌన్ కేబుల్ రావాలి కదా, అదేదీ అని అడిగితే పాతవాళ్ళెవరో పీకేసి ఉంటారన్నారు.

అంత డబ్బు పెట్టేముందు ఆయిలూ ఫిల్టరూ మార్చి చూద్దామనుకున్నాను. కిందికి దూరి పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పళ్ళెం) బోల్టులు లెక్కపెడితే 13. 350కి 13 ఉంటాయని తెలుసు. ఇంకేం, 350 గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా పాన్ అంచున పెట్టే పట్టీ), ఫిల్టర్ తెప్పించాను. శనివారం పొద్దున కారు స్టాండ్ల మీదికెత్తి పాన్ వదులు చేశాను. రూహఫ్జా రంగులో ఉండాల్సిన ఆయిల్ డికాక్షన్‌లా కారింది, సగం నా మోచేతి మీద. పాన్ తుడిచి కొత్త గ్యాస్కెట్ దానిమీద పెట్టాను. కొలతకి పక్కింటావిడ జాకెట్టు ఇచ్చినట్టుంది. ఇటు తిప్పాను, అటు తిప్పాను, బోర్లించాను. ఒక వైపు రంధ్రాలు కుదిరితే మరో వైపు అంగుళం అవతలికి పోతున్నాయి.

ఎదురింటి పెద్దాయన ఒకప్పుడు మెకానిక్. కాఫీ కప్పుతో వచ్చి, వంగి చూసి నవ్వాడు. 400కీ బోల్టులు పదమూడేనట! చూడాల్సింది ఆకారం. చదరంలో వెనక కుడి మూల కోసేసినట్టుంటే 350. ఏ వైపూ తిన్నగా లేకుండా వంకరటింకరగా, మా టెక్సాస్ మ్యాపులా ఉంటే 400. కుడివైపు ఇంజిన్ నుంచి సన్నటి వాక్యూమ్ గొట్టం వచ్చే గుండ్రటి మాడ్యులేటర్ (ఇంజిన్ మీది భారాన్ని బట్టి గేరు మార్పుని సర్దే భాగం) చూపించాడు. అది 350కి తోక దగ్గర, 400కి మధ్యలో ఉంటుంది. తర్వాత టార్చి ఎడమవైపు వేశాడు. కేసుకి వైరు తగిలించే సాకెట్ ఒకటి, దుమ్ము పట్టి, ఖాళీగా ఉంది.

400కి కిక్‌డౌన్ కేబుల్ ఉండదు, కరెంటుతో పనిచేస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కితే స్విచ్ కలిసి, లోపలున్న సాలెనాయిడ్‌కి (కరెంటు రాగానే కదిలే చిన్న వాల్వు) 12 వోల్టులు వెళ్ళాలి. నాకంటే ముందు ఈ కారున్న మహానుభావుడెవరో 400 ఎక్కించాడు, అది పొడుగు కాబట్టి గేర్‌బాక్స్‌ని మోసే క్రాస్‌మెంబర్ వెనక్కి జరిపాడు, వెనక చక్రాల వైపు తిరిగే డ్రైవ్‌షాఫ్ట్ మార్పించాడు, ఒక్క వైరు మాత్రం కలపలేదు. దానికోసం నాలుగేళ్ళు హారన్లు తిన్నాను!

స్విచ్, కనెక్టర్, ఫ్యూజు కలిపి 40 డాలర్లు కూడా కాలేదు. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పెడల్ నేలకి తొక్కాను. కింద "టక్" అంది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ టక్. పదిసార్లు తొక్కి ఉంటాను. సాయంత్రం అదే ర్యాంపు మీద తొక్కితే రెండో గేరులోకి దిగి ఎంత గట్టిగా లాగిందంటే, వెనక సీటు మీదున్న పెరుగు డబ్బా కిందపడింది. ఇంటికెళ్ళాక తిట్లు పడ్డాయి.

ఇదివరకు చాలామందికి ఏ గేర్‌బాక్సో తెలియాలంటే "బోల్టులు లెక్కపెట్టండి, చాలు" అని చెప్పాను. అది అన్నిచోట్లా చెల్లదు. ఫోర్డ్ గేర్‌బాక్సుల్లో సీ4కి 11, సీ6కి 17 కాబట్టి ఆ రెండింటి మధ్య లెక్క సరిపోతుంది. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ 904, 727 రెండింటికీ 14 కాబట్టి అక్కడా ఆకారమే చూడాలి. నా కారు గురించి "చుక్క కూడా కారదు" అని కూడా అన్నాను, అదీ తప్పే. ఇప్పుడు నెలరోజులు కదపకపోతే టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఆయిల్ డబ్బా) ఆయిల్ పాన్‌లోకి దిగి, గేరు లివర్ సీల్ దగ్గర కాస్త చెమరుస్తోంది. కింద అట్టముక్క వేస్తున్నాను.

400 మొండిఘటం, అందులో సందేహం లేదు. కానీ నా చిన్న ఇంజిన్‌కి అంత బరువైన గేర్‌బాక్స్ అక్కర్లేదు. గ్యాలన్‌కి 12 మైళ్ళు దాటదు, ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ నెమ్మదిగా తిరగనిచ్చే పైగేరు) లేదు కాబట్టి ఫ్రీవే మీద ఇంజిన్ మోత ఆగదు. నాకు ఆఫీసుకి వేరే కారుంది, ఇది ఆదివారం బండి కాబట్టి సరిపోయింది. రోజూ నలభై మైళ్ళు వెళ్ళాల్సినవాడినైతే మార్పించేసేవాడినేమో.

350 గ్యాస్కెట్, ఫిల్టర్ ఇంకా గరాజ్‌లోనే ఉన్నాయి, వాపసు గడువు దాటిపోయింది. అసలు సిసలు 350 ఉన్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి. వచ్చేముందు పాన్ ఒకసారి చూసుకోండి.