నెల్లూరు నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టుకు కారు దండగ

మా బావమరిదిని సింగపూర్ ఫ్లైట్ ఎక్కించడానికి మద్రాసు వెళ్ళొచ్చాం. నెల్లూరులో ఎవరింట్లో ఎవరు విమానం ఎక్కుతున్నా ముందు కారు మాట్లాడతారు. మేమూ మాట్లాడాం. రానూపోనూ 6,500, టోలు, పర్మిట్ అన్నీ అందులోనే అని కారు ఓనరు మా వరండాలో కూర్చుని, మా అత్త ఇచ్చిన కాఫీ తాగి మరీ చెప్పాడు.

వెంకటాచలం, బూదనం టోల్‌గేట్లు దాటేదాకా బాగానే ఉంది. సూళ్లూరుపేట దాటాక డ్రైవర్ తన ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల ఓనరు. తమిళనాడు పర్మిట్‌కు 1,100 విడిగా ఇవ్వాలట. "అన్నీ కలిపే అన్నావు కదయ్యా" అంటే "అది వేరే సార్" అన్నాడు. ఏది వేరేనో నాకిప్పటికీ అర్థం కాలేదు. తెల్లవారుజామున, ఆరంబాక్కం ముందు చీకట్లో, డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టుకుని ఎవరు మాత్రం పోట్లాడతారు? ఆ సంగతి వాళ్ళకు బాగా తెలుసు. పొన్నేరి రోడ్డు దాటేసరికి డ్రైవర్ బేటా, అంటే వాడి రోజు భత్యం, 600 అన్నారు. మీనంబాక్కం ఎయిర్‌పోర్టు చేరాక పార్కింగ్ మీదే, వెయిటింగ్ గంటకు 200 అన్నారు. దేశం వదిలి పోతున్న కుర్రాడు "నేనిస్తాలే బావా" అని పర్సు తీశాడు. నాకు ఒళ్ళు మండింది అప్పుడే.

వాణ్ణి లోపలికి పంపి, బేరమాడి 5,200 చేతిలో పెట్టి కారును వెనక్కి పంపించేశాను. మా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. అత్త మాత్రం "ఇప్పుడెట్టా పోతాం నాయనా, నడిచా?" అంది.

టెర్మినల్ నుంచి పైవంతెన మీదుగా నడిస్తే మెట్రో స్టేషన్. సెంట్రల్‌కు మనిషికి 40 రూపాయలు. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీస్తే 20 శాతం తగ్గింపు, అంటే 32. ముగ్గురికీ 96! కారువాడి పార్కింగ్ గొడవలో సగం కూడా కాదు.

నేను కరెంటాఫీసులో రిటైరైనవాణ్ణి కాబట్టి అందరూ కిటికీలోంచి చూస్తుంటే నేను పైన తీగ చూశాను. మన నెల్లూరు లైన్లో ఉన్నదే, 25 కిలోవోల్టుల ఏసీ. స్టేషన్ దగ్గరపడి బ్రేకు వేసినప్పుడు మోటార్ల కూత సన్నబడుతూ దిగుతుంది చూడండి, అప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి తీగలోకి పంపుతుంటాయి. ఇది చెప్పబోతే మా ఆవిడ "సరేలెండి" అంది. కారు దిగాక అదే తొలి మాట. లిటిల్ మౌంట్ దాటగానే బండి సొరంగంలోకి దిగింది. అక్కణ్ణుంచి ప్లాట్‌ఫాం అంచుల్లో అద్దాల తలుపులు. బండి తలుపూ ఆ తలుపూ ఎదురెదురుగా ఆగి రెండూ కలిసి తెరుచుకుంటుంటే అత్త ప్రతి స్టేషన్‌లోనూ అదే చూసింది. 2020 దాకా ఎక్కువ చార్జీ తీసుకున్న స్పెషల్ క్లాసును ఆడవాళ్ళకు కేటాయించారు. అత్తకూ మా ఆవిడకూ అందులో సీట్లు దొరికాయి.

ఈ బండ్లు మన పక్కనే తయారయ్యాయని చాలామందికి తెలియదు. మొదట ఆర్డరిచ్చిన 42 రైళ్ళలో తొలి 9 బ్రెజిల్‌లో చేశారు, మిగతావి తడ దగ్గర శ్రీసిటీలోని ఆల్‌స్టోమ్ ఫ్యాక్టరీలో. సిడ్నీ, కొచ్చి మెట్రోల బండ్లూ అక్కడివే. మన కారు ఆ ఫ్యాక్టరీ పక్క హైవే మీదుగానే పోయింది, పర్మిట్ గొడవ పడుతూ.

సెంట్రల్‌లో లిఫ్టులో పైకొచ్చి మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌కు నడవాలి. లోకల్ బండ్లు అక్కణ్ణుంచే. సూళ్లూరుపేటకు 20 రూపాయలు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈఎంయూలో, అంటే ఈ సిటీ లోకల్ బండిలో, బాత్‌రూం ఉండదు, ఊళ్ళ మధ్య తిరిగే మెమూ పాసింజర్‌లో ఉంటుంది. పెద్దవాళ్ళు ఉంటే సెంట్రల్‌లోనే ఆ పని ముగించుకుని ఎక్కండి. గుమ్మిడిపూండి దాటాక అత్త ముఖం చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. రెండు గంటలకు పైనే ప్రయాణం మరి.

సూళ్లూరుపేటలో దిగాక నెల్లూరు బండికి చాలాసేపు ఆగాల్సి వచ్చింది. మద్రాసు లోకల్ టైముకూ మన మెమూ టైముకూ పొత్తు లేదు. కోపం వచ్చే మాటే గానీ, బయట మెస్‌లో రొయ్యల వేపుడు తిన్నాక అంత రాలేదు. 150 రూపాయల ప్లేటు, పులికాట్ రొయ్యలు అన్నాడు, నూనె తక్కువ, మిరియం ఘాటు. మా అత్త ఎవరి వంటనూ మెచ్చదు. రెండో ప్లేటు ఆవిడే చెప్పింది. మా ఆవిడ నవ్వింది. ఆ తర్వాత నెల్లూరు దాకా నిద్ర.

రాత్రి పదకొండు తర్వాత మెట్రో ఉండదు, పొద్దున ఐదింటికి మొదలవుతుంది. అర్ధరాత్రి ఫ్లైట్లకు కారు తప్పదు. టోలు, పర్మిట్, బేటా, పార్కింగ్ నాలుగూ వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి, కాఫీ తర్వాత.

పగటి ఫ్లైటయితే తెల్లవారుజామున నెల్లూరులో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, అది తాంబరం దాకా పోతుంది. అక్కణ్ణుంచి లోకల్లో 5 రూపాయలకు తిరుసూలం. ఎదురుగా రోడ్డు దాటితే ఎయిర్‌పోర్టే. ఉద్యోగాల వేళ ఆ లోకళ్ళు కిటకిటలాడతాయి, రెండు పెద్ద పెట్టెలుంటే మాత్రం సెంట్రల్‌లో దిగే బండి చూసుకుని మెట్రో ఎక్కడమే నయం.